నియోడిమియం అయస్కాంతం గారికి ఓ మోటారు మేస్త్రి బహిరంగ లేఖ

అయ్యా,

కోనసీమలో మోటార్లు చుట్టుకుని బతికేవాణ్ణి. రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ల మోటార్లు కాలిపోతుంటాయి, అవే నాకు అన్నం పెడుతున్నాయి. తమరు 1980లలో జపాన్‌లోనూ అమెరికాలోనూ ఇంచుమించు ఒకేసారి పుట్టి, ఇప్పుడు చైనా నుంచి మా వీధి దాకా వేంచేశారు. వచ్చిన దగ్గర్నుంచీ నా షాపులో మర్యాదలన్నీ తమకే. మా కుర్రాడు వాచీ తీసి గూట్లో పెట్టాకే తమ డబ్బా ముట్టుకుంటాడు.

గాలిమర జనరేటర్లో తమ వైభవం చూసి తీరాలి. ఒక ఇనప పళ్లెం మీద పన్నెండు మంది, ఎదుటి పళ్లెం మీద పన్నెండు మంది, ఉత్తరం దక్షిణం మార్చి మార్చి కొలువుంటారు. మధ్యలో రెసిన్ పోసి బిగించిన తొమ్మిది రాగి కాయిళ్లు. రెండో పళ్లెం దించేటప్పుడు చూడాలి నా టెన్షన్! మూడు పొడవాటి మరబోల్టులు సమానంగా తిప్పుకుంటూ, ఊపిరి బిగబట్టి, కొంచెం కొంచెంగా దించాలి. తొందరపడి చేత్తో పెడితే తమరు ఒక్క లాగు లాగుతారు. మధ్యలో వేలుంటే అప్పడమే.

ఇంతా చేస్తే పేరు తమది, చివాట్లు నావి. ఒక రైతుగారు ఫోన్లో గాలిమర వీడియో చూపించి, "మేస్త్రీ, మేగ్నెట్లు దండిగా పెట్టెయ్. రెండు హార్స్‌పవర్ ఏరియేటర్ తిరిగిపోవాలి" అన్నారు. తమరు బల్ల మీదే ఉన్నారు. కిమ్మనలేదు!

లెక్క తమకు తెలీదా? రెండు మీటర్ల వ్యాసం రెక్కలకి, సెకనుకు 3 మీటర్ల గాలి తగిలితే ఆ గాలిలో ఉన్నదే 50 వాట్లు. అందులో 59.3 శాతం మించి ఎవరూ లాగలేరని జర్మన్ శాస్త్రవేత్త బెట్జ్ గారు ఎప్పుడో తేల్చేశారు. చేత్తో చేసిన దానికి మూడో వంతు దక్కితే గొప్ప. అంటే పదిహేను వాట్లు, ఒక ఎల్ఈడీ బల్బు. ఏరియేటర్‌కి 1500 కావాలి. గాలి వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది నిజమే, అప్పుడూ వచ్చేది 120. పైగా మా దగ్గర ఆ గాలిని ముందు కొబ్బరి మట్టలు పంచుకుంటాయి. చుట్టూ 150 మీటర్లలో ఉన్న చెట్ల తలల కన్నా పది మీటర్లు పైకి స్తంభం లేపాలి. రైతుగారేమో డాబా మీద వాటర్ ట్యాంకు పక్కన చిన్న పైపు చాలంటారు. డబ్బంతా తమకే పోసేశాక స్తంభానికి ఏం మిగులుతుంది లెండి.

అంత ఖరీదు పెట్టినా తమరి ఒళ్లు సుకుమారం. 80 డిగ్రీలు దాటితే మామూలు రకానికి సత్తువ తగ్గిపోతుంది. పైనున్న నికెల్ పూత కాస్త లేస్తే చాలు, మా ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉబ్బిపోతారు. 1996 నవంబరు లాంటి తుపాను వస్తే జనరేటర్ నుంచి వచ్చే మూడు వైర్లు ఒకదానికొకటి కలిపేసి రెక్కల్ని ఆపేద్దామంటారు కుర్రాళ్లు. ఆ గాలికి రెక్కలు ఆగవు, కాయిళ్లు కాలతాయి. గాలి ముదరగానే రెక్కల్ని పక్కకి తిప్పేసే తోక కావాలి. ఆ తోకకి డబ్బుల్లేవట!

ఆదివారం రైతుగారు మళ్లీ వస్తున్నారు. ఈసారి పళ్లేనికి పదహారు మందిని కూర్చోబెట్టమంటున్నారు. అప్పుడు కాయిళ్లు పన్నెండవుతాయి, కొత్త అచ్చు చెయ్యాలి. ఆ డబ్బేదో స్తంభానికి పెట్టండి బాబూ అంటే నా మాట చెవికెక్కడం లేదు. తమ మాటంటే ఆయనకి గురి. ఆ రోజైనా కాస్త నోరు విప్పండి.

ఇట్లు,
అమలాపురం దగ్గర ఓ మోటారు మేస్త్రి