నేస్తమంటే గోగాన్‌లా ఉండాలి

స్నేహితుల దినోత్సవం నాడు తెల్లారకుండానే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ వచ్చిపడింది. పొద్దుతిరుగుడు పూలు గీస్తున్న చిత్రకారుడు విన్సెంట్ వాన్‌గో. గీసింది అతని నేస్తం, మరో చిత్రకారుడు పాల్ గోగాన్. కింద గులాబీ రంగులో 'అసలైన నేస్తం నిన్ను నిన్నుగా చూస్తాడు' అని రాత.

ఎలా చూశాడంటారా? పైనుంచి కిందికి! నుదురు నొక్కేసి, కళ్లు సగం మూసి, దబ్బనంలాంటి కుంచె చేతికిచ్చాడు. పాపం, గీస్తున్న బొమ్మ మాత్రం మనకు కనబడదు. పైగా అది డిసెంబరు. వాళ్లుంటున్న దక్షిణ ఫ్రాన్స్ ఊరు ఆర్ల్‌లో ఆ చలికి పొద్దుతిరుగుడు పూలెక్కడివని అడక్కండి. నేస్తాన్ని వెర్రివాడిలా గీయాలనుకుంటే పూలదేముంది!

అసలు విన్సెంట్ ఇంటికి గోగాన్ రాక చూడాల్సింది. విన్సెంట్ పన్నెండు కుర్చీలు కొన్నాడు. ఉండబోయేది ఇద్దరు! అతిథి గదికని పొద్దుతిరుగుడు పూలు గీసి పెట్టాడు. కొత్తల్లుడికి మనమింత చేస్తామా? అల్లుడుగారు 1888 అక్టోబరు 23న దిగారు. బెంగపెట్టుకుని కాదు, నెలకో బొమ్మకు 150 ఫ్రాంకులిస్తానని విన్సెంట్ తమ్ముడు తెయో ఒప్పుకున్నాడు గనక. దిగాక ఇంటిఖర్చుకో డబ్బా పెట్టారు. విన్సెంట్ కాచిన సూపు నోట పెట్టలేక గరిటె కూడా తామే అందుకున్నారు. విన్సెంటేమో ఈయన ఖాళీ కుర్చీని కూడా, వెలుగుతున్న కొవ్వొత్తి పెట్టి, దేవుడి పీటలా గీశాడు.

గోగాన్ తనను గీసిన ఆ పూల బొమ్మ చూసి విన్సెంట్ 'ఇది నేనే, కానీ పిచ్చెక్కిన నేను' అన్నాడట. అన్నాడని చెప్పిందెవరు? గోగానే! తర్వాతి ఏడాది విన్సెంట్ తమ్ముడికి రాసింది వేరు: అది నేనే, అప్పుడు బాగా అలిసిపోయి, ఒంట్లో కరెంటు నిండినట్టున్నానని. బొమ్మ గీసిన ఆ 1888 డిసెంబరు 23నే విన్సెంట్ చెవి కోసుకున్నాడు. గోగాన్ పారిస్ రైలెక్కాడు, మళ్లీ ముఖం చూడలేదు.

ఇంతవరకూ ఓర్చుకున్నాను. 1903లో రాసుకున్న జ్ఞాపకాల్లో పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? విన్సెంట్ పూల బొమ్మల్లో పసుపు మీద పసుపు పూసే ఆ వెలుగంతా తన పాఠం వల్లే వచ్చిందట! ఒరే నాయనా, నీ గది కోసం ఆ పూలు గీసింది ఆగస్టులో. నువ్వు రైలు దిగింది అక్టోబరులో! కాదనడానికి విన్సెంట్ లేడు, పోయి పదమూడేళ్లయింది. అది చూసుకునేగా రాశావు?

గ్రూపులో అప్పటికే నలభై మంది దండాలు పెట్టేశారు. నేనూ పెట్టాను. అడ్మిన్ మా బావమరిది.