ఒంట్లో బలం ఉంటే హెచ్‌ఐవీ రాదా?

గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ‘ఇమ్యూనిటీ గట్టిగా ఉన్నవాళ్ల కణాల్లోకి హెచ్‌ఐవీ దూరలేదు, కొందరికి పుట్టుకతోనే రాదు, దోమ కుట్టినా వస్తుంది, ఉన్నవాళ్లు మాత్రలు మానేసి కషాయం తాగితే చాలు’ అని దాని సారాంశం. చదివి ఊరుకోలేకపోయాను.

మొదటి మాటే తలకిందులు. ఈ వైరస్ వెతుక్కుంటూ వచ్చేది ఇమ్యూనిటీ కణాల కోసమే. దాని పైపొర మీదున్న జీపీ120 అనే ప్రోటీన్, టి కణం (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణం) మీది సీడీ4 గ్రాహకాన్ని, అంటే కణం పైన తగులుకునే చోటులాంటి ప్రోటీన్‌ని, పట్టుకుంటుంది. పట్టుకోగానే జీపీ120 ఆకారం మారి, అంతదాకా దాగి ఉన్న భాగం బయటపడుతుంది. ఆ భాగం సీసీఆర్5 అనే రెండో గ్రాహకానికి అతుక్కుంటుంది. కొన్ని వైరస్‌లు దాని బదులు సీఎక్స్‌సీఆర్4 అనే ఇంకో గ్రాహకాన్ని వాడుకుంటాయి. అప్పుడు జీపీ41 అనే మరో వైరస్ ప్రోటీన్ కణం పొరలోకి గుచ్చుకుని, మడతపడుతూ రెండు పొరల్నీ కలిపేస్తుంది. వైరస్ జన్యుపదార్థం లోపలికి చేరిపోతుంది. సీడీ4 సంగతి 1984లోనే తేలినా, రెండో గ్రాహకం జాడ దొరికేసరికి 1996 వచ్చింది.

ఇందులో ఒంటి బలం అడ్డుపడే చోటెక్కడ? పైగా రోగంతో పోరాడుతూ చురుగ్గా ఉన్న టి కణాల మీదే సీసీఆర్5 ఎక్కువ. సుఖవ్యాధి పుండు దగ్గర అలాంటి కణాలే గుమిగూడతాయి. పుండు ఉన్నప్పుడు హెచ్‌ఐవీ తేలిగ్గా సోకడానికి అదొక కారణం. క్వింటాళ్లకొద్దీ బస్తాలు మోసే మనిషికైనా ఇంతే.

పుట్టుకతో రక్షణ అనేది సగం నిజం. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న సీసీఆర్5 జన్యువే వస్తే ఆ గ్రాహకం కణం మీదికి రాదు. యూరప్ మూలాలున్నవాళ్లలో నూటికి ఒకరు అలా ఉంటారు. మన దగ్గర అది చాలా అరుదు. వాళ్లకు కూడా సీఎక్స్‌సీఆర్4ని వాడే వైరస్ సోకవచ్చు.

దోమతో రాదు. దోమ కణాలకు సీడీ4 లేదు, తాగిన రక్తంతో పాటే వైరస్ దాని కడుపులో అరిగిపోతుంది.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఆఖరి మాట. ఏ కషాయమూ ఈ గ్రాహకాలను మూయదు. సీసీఆర్5కి అడ్డుపడే మందు మారావిరాక్ 2007లో వచ్చింది. ప్రభుత్వ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే మాత్రలు ఎక్కువగా వైరస్ కణంలోకి దూరిన తర్వాతి దశల్ని ఆపుతాయి. వాటిని క్రమం తప్పకుండా వేసుకుని, పరీక్షలో వైరస్ కనిపించని స్థాయికి తగ్గి అలాగే ఉంటే, లైంగికంగా భాగస్వామికి సోకదు. మానేస్తే, కణాల్లో దాక్కున్న వైరస్ చాలామందిలో కొన్ని వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది.