యురేనస్‌ని ఒక్కసారి చూసి తేల్చేస్తే ఎలా?

గ్రహాల గురించి మీరు రాసిన వ్యాసం బాగుంది కానీ అందులో యురేనస్ గ్రహాన్ని ‘ఏ విశేషమూ లేని లేతనీలం బంతి’ అని ఒక్క వాక్యంలో తీసిపారేయడం మాత్రం నచ్చలేదు. దానికి ఆ ముద్ర పడటానికి కారణం 1986 జనవరిలో నాసా వారి అంతరిక్ష నౌక వాయేజర్-2 తీసిన ఫోటోలు. ఇప్పటిదాకా అక్కడికి వెళ్లిన నౌక అదొక్కటే, అదీ ఆగకుండా పక్కనుంచి దూసుకుపోయింది. పైగా యురేనస్ అక్షం 98 డిగ్రీలు ఒరిగి, అంటే దాదాపు పక్కకి పడుకున్నట్టు ఉంటుంది, సూర్యుడి చుట్టూ ఒక్క చుట్టుకి 84 ఏళ్లు పడుతుంది, అప్పుడేమో దాని దక్షిణ ధ్రువం దాదాపు నేరుగా సూర్యుడి వైపు ఉండటంతో రెండో సగం చాలావరకు చీకట్లోనే ఉండిపోయింది. సగం మొహం చూసి మనిషిని అంచనా వేసినట్టు! ఋతువు మారాక 2014లో హవాయిలోని కెక్ టెలిస్కోపుకి అక్కడ పెద్ద పెద్ద తుఫాన్లే కనిపించాయి.

ఇంకోటి, 2024లో ఆ పాత డేటానే మళ్లీ తవ్వి చూస్తే, వాయేజర్ చేరడానికి కొద్ది రోజుల ముందే సౌరపవనం (సూర్యుడి నుంచి వచ్చే ఆవేశిత కణాల ప్రవాహం) గట్టిగా తాకి యురేనస్ అయస్కాంత గోళాన్ని, అంటే గ్రహం చుట్టూ దాని అయస్కాంత శక్తి పనిచేసే ప్రాంతాన్ని, నొక్కేసిందని తేలింది. అలాంటి పరిస్థితి అక్కడ సుమారు 4 శాతం సమయంలోనే ఉంటుంది. మనం దాన్నే మామూలు అనుకుని ఇన్నేళ్లూ పాఠాలు చెప్పుకున్నాం.

అన్నట్టు, మీరు పెట్టిన ఫోటోలో నెప్ట్యూన్ ముదురు నీలం కూడా అసలు రంగు కాదండీ. మేఘాలు స్పష్టంగా కనపడాలని వాయేజర్-2 అక్కడ తీసిన 1989 ఫోటోల్లో కాంట్రాస్ట్ పెంచారు. నిజానికి అదీ యురేనస్ లాంటి లేత రంగే, కాస్త నీలం ఎక్కువ, అంతే. ఫోటో కింద ఆ ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది.