నా పేరు మూడు నిమిషాలు

గురువారం నుంచి మా ఆఫీసులో నన్నెవరూ పేరు పెట్టి పిలవడం లేదు. 'పౌండన్నా' అంటున్నారు. స్టోర్స్ కుర్రాడైతే మరీ. 'ఏం పౌండన్నా, అన్నం తిన్నావా?' అని గోడౌను అంతా వినపడేలా అరుస్తాడు. వాడికి పండక్కి అడ్వాన్సు కావాల్సి వచ్చినప్పుడు మాత్రం నేను 'సార్'నే.

సంగతి గబగబా చెప్పేస్తాను. మాది నెల్లూరులో రొయ్యల మేత అమ్మే ఒక బ్రాంచి ఆఫీసు. పాత ఫోన్లు పీకేసి, ఇంటర్నెట్ వైరు మీద నడిచే కొత్త ఫోన్లు పెట్టారు. బల్లకొక ఎక్స్‌టెన్షను, దానికొక వాయిస్ మెయిలు, అంటే మనం ఎత్తకపోతే ఫోన్ చేసినవాళ్ల మాట రికార్డు చేసి పెట్టే పెట్టె. పెట్టినవాళ్లు టీ తాగి వెళ్లిపోయారు. మధ్యాహ్నం హెడ్డాఫీసులో ఐటీ చూసే అబ్బాయి 14 పేజీల పీడీఎఫ్ పంపాడు. కొత్త యూజర్లందరూ సాయంత్రానికల్లా ఎవరి గ్రీటింగు, అంటే మనం ఎత్తనప్పుడు అవతలివాళ్లకు వినపడే పలకరింపు, వాళ్లు రికార్డు చేసుకోవాలట. ఆ మెయిల్లో 'సింపుల్' అన్న మాట నాలుగుసార్లు ఉంది. కోపంలో లెక్కపెట్టాను.

అసలు నెల్లూరులో వాయిస్ మెయిలు పెట్టేదెవరండీ? మనకు మిస్డ్ కాల్ ఉంది కదా. ఒక్క రింగిస్తే 'బయల్దేరాను', రెండిస్తే 'నువ్వే చెయ్యి, నా దగ్గర బ్యాలెన్సు లేదు'. రొయ్యల గుంట మీద నిలబడిన రైతుకు నీళ్లకు గాలి కొట్టే ఏరేటరు ఆగిపోతే, ఏదో యంత్రంలో అమ్మాయి 'మీ సందేశం చెప్పండి' అనేదాకా ఆగుతాడా? ఆ లోపల రొయ్యలు పైకి తేలతాయి. ఇదంతా ఆ అబ్బాయికి మర్యాదగా రాద్దామనుకున్నాను. రాయలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

'నువ్వు ముందు చెయ్యన్నా, నిన్ను చూసి మేం చేసుకుంటాం' అని పదిమందీ నన్ను ముందుకు తోశారు. దానికో కారణముంది. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది కదా. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె అని స్వర్ణాల చెరువులో దిగి జనం రొట్టెలు మార్చుకుంటూ ఉంటారు. ఆ సందట్లో చెయ్యి వదిలేసిన పిల్లలు తప్పిపోతూ ఉంటారు. వాళ్ల కోసం మైకులో చెప్పే చోట నేను రెండేళ్లు వాలంటీరుగా కూర్చున్నాను. నా గొంతు చెరువు అవతలి గట్టు దాకా వినపడిందని అప్పట్లో పేరు. ఆ పేరే ఇప్పుడు నా కొంప ముంచింది.

సరే, పీడీఎఫ్‌లో చెప్పినట్టు నంబరు కొట్టాను. ఒకావిడ ఇంగ్లీషులో పలికింది. అమెరికా ఇంగ్లీషు. కొత్త పిన్ను కొట్టి పౌండ్ నొక్కమంది. నాలుగంకెలు కొట్టి, పౌండంటే ఏమిటా అని ఆలోచిస్తుండగానే ఆవిడే విసుగుపుట్టి 'థాంక్యూ' అనేసింది. ఓహో, పౌండ్ నొక్కకపోయినా పర్లేదన్నమాట అనుకున్నాను. నా పతనం అక్కడే మొదలైంది.

తర్వాత ఆవిడ, బీప్ వినపడ్డాక మీ పేరు చెప్పి పౌండ్ నొక్కండి అంది. బీప్ వచ్చింది.

బీప్ వింటే నాకేమవుతుందో నాకే తెలియదు. మైకు ముందు కూర్చున్న మనిషినైపోయాను. పేరు చెప్పి ఆగొచ్చు కదా. ఆగలేదు. పేరు చెప్పాను, వయసు నలభై ఏడు అన్నాను, నీలం గళ్ల చొక్కా వేసుకున్నాడు అన్నాను, నెల్లూరు మేత ఆఫీసు తాలూకు అన్నాను. 'ఎక్కడున్నా వెంటనే' దాకా వచ్చాక నాలుక కరుచుకున్నాను.

సరే, పౌండ్ నొక్కాలి. ఫోన్ మీద పది అంకెలున్నాయి, ఒక నక్షత్రముంది, పిల్లలు సున్నాలు, ఇంటూలు ఆడుకునే గీతల్లాంటి గుర్తొకటి ఉంది. ఆ గీతల గుర్తు పేరు హాష్. అది మా అమ్మకు కూడా తెలుసు. బ్యాలెన్సు చూసుకోవాలంటే స్టారు కొట్టి, అంకెలు కొట్టి, హాష్ కొడుతుంది. పౌండ్ మాత్రం ఎక్కడా లేదు.

'మేడమ్, పౌండ్ ఎక్కడుంది?' అని అడిగాను.

అకౌంట్స్ మేడమ్ కళ్లద్దాలు సర్దుకుని వచ్చారు. 'పౌండంటే లండన్ డబ్బులు కదండీ. ఎల్ అక్షరాన్ని వంకర తిప్పి మధ్యలో గీత కొట్టినట్టుంటుంది. మనకిచ్చిన ఫోను లండన్‌ది కాదేమో. రూపాయి గుర్తుందేమో చూడండి' అన్నారు. చూశాం. తిరగేసి కూడా చూశాం. అడుగున రెండు మేకు రంధ్రాలు, ఒక స్టిక్కరు. అంతే.

స్టోర్స్ కుర్రాడు దూరాడు. 'పౌండ్ కాదన్నా, సౌండ్ అనుంటాది. సరిగ్గా విన్యావా?' అని స్పీకరు గుర్తున్న బటన్ నొక్కాడు. చిన్న ఎర్ర దీపం వెలిగింది. దాని అర్థం ఏమిటో అప్పుడు మాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఆ క్షణం నుంచి గదిలో చీమ చిటుక్కుమన్నా ఆ పెట్టె వింటోంది.

అప్పుడే టీ తెచ్చే పెద్దాయన ఫ్లాస్కుతో వచ్చాడు. పొదలకూరు వైపు పల్లె ఆయనది. 'ఏంది అబ్బయా, అందరూ ఫోన్ చుట్టూ చేరుండారు? ఎవరికన్నా బాగలేదా?' అన్నాడు. పౌండ్ కోసం వెతుకుతున్నామన్నాను.

'పౌండంటే బందెల దొడ్డి కాదూ!' అన్నాడు పెద్దాయన.

మీలో పల్లెలో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. చేలో పడి మేసిన గొడ్లను తోలుకుపోయి కట్టేసే చోటు. జరిమానా కడితేగాని వదలరు. ఇంగ్లీషులో దాన్ని పౌండనే అంటారు, పెద్దాయన తప్పేం చెప్పలేదు. ఆ గదిలో పౌండ్ గురించి సరిగ్గా తెలిసినవాడు ఆయనొక్కడే. కాకపోతే ఆ సంగతి ఫోన్‌కు అక్కర్లేదు.

'మా నాయనకో గేదె ఉండింది అబ్బయా. కంచె దూకడంలో దాని తర్వాతే ఎవరైనా. కొమ్ము ఒకటి ఇట్టా కిందికి వంగుండేది' అని ఫ్లాస్కు నా బల్ల మీద, సరిగ్గా ఫోన్ పక్కన పెట్టాడు. చెయ్యి వంచి కొమ్ము చూపించాడు. 'ఒకనాడు తెల్లారేసరికి మునసబు గారి వరి చేలో ఉంది. పాలు పోసుకున్న చేను. మునసబు గారంటే మామూలు మనిషా! తోలకపోయి బందెల దొడ్లో కట్టేయించాడు. మా నాయన పోయి బతిమాలాడు. దుడ్లు కట్టి తోలకపో అన్నారు. కట్టేదానికి మా దగ్గర దుడ్లేవి? మా అమ్మ గేదె కోసం ఒకటే ఏడుపు. రోజు గడిచేకొద్దీ దాని మేత ఖర్చు కూడా మా మీదే రాస్తా ఉండారు...'

ఇంత జరుగుతున్నా మా చేతులు ఊరుకోలేదు. ఒకరు ఒకటి నొక్కారు, ఒకరు ఐదు నొక్కారు. ఎవరూ ఆ హాష్ మాత్రం నొక్కలేదు. అది రోజూ వాడే గుర్తు, దానికి వేరే పేరుంటుందని ఎవరికి తడుతుంది?

'మేనేజర్ గారిని అడుగుదామా?' అన్నారు మేడమ్.

'ఆయన పదకొండైతే గానీ ఆఫీసు మొహం చూడరు, ఒంటిగంటకల్లా చేపల పులుసు చల్లారిపోతుందని లేచిపోతారు. చేపల పులుసు చల్లారితేనే రుచి అని కూడా తెలియని మనిషికి పౌండేం తెలుస్తుంది మేడమ్?' అన్నాను. నేనే అన్నాను. నా గొంతు గురించి ముందే చెప్పాను కదా.

అందరూ నవ్వారు. పెద్దాయన ఆ నవ్వులు ఆగేదాకా ఆగి, 'ఆ, యాడిదాకా చెప్పాను? మూడో నాడు మా నాయన మా అమ్మ మెడలో...' అంటుండగా ఫోన్ బీప్‌మంది. ఎర్ర దీపం ఆరిపోయింది. ఏదో తప్పు నొక్కుంటాం, రికార్డు కాలేదులే, రేపు చూసుకుందాం అని లేచాను.

మిగతావాళ్లు ఎలా చేసుకున్నారో నాకు సరిగ్గా తెలియదు. మేడమ్ గారి ఏడో తరగతి కూతురు వాట్సాప్‌లో 'అమ్మా, పౌండ్ అంటే హాష్' అని రెండు ముక్కల్లో తేల్చేసిందట. నేనప్పటికే బైకు మీద వేదాయపాళెం దాటాను.

ఆ రాత్రి నిద్ర పట్టక వెతికాను. అమెరికాలో 1963లో బటన్ల ఫోన్లు వచ్చినప్పుడు పది అంకెలే ఉండేవట. నక్షత్రం, ఈ గీతల గుర్తు 1968లో చేర్చారు. అక్కడ తూకం పౌండ్లకు ఎల్, బి అక్షరాలు రాసి పైన గీత కొట్టేవాళ్లు. అది త్వరత్వరగా రాయగా రాయగా ఈ గీతల గుర్తయిందని చెబుతారు. లండన్ పౌండు గుర్తు వేరు, ఇంగ్లండులో దీన్ని హాష్ అనే అంటారు. అంటే పౌండు డబ్బులున్న వాళ్లేమో హాష్ అంటారు, డాలర్లున్న వాళ్లేమో పౌండ్ అంటారు. మనం వీశెలు, మణుగులు వదిలేసి కిలోల్లోకి వచ్చి అరవై ఏళ్లు దాటింది. రొయ్యల్ని కూడా కిలోకెన్ని తూగుతాయో చూసి ముప్పై కౌంటు, నలభై కౌంటు అంటాం. ఆ పీడీఎఫ్‌లో 'పౌండ్, అంటే హాష్' అని ఒక్క ముక్క రాసుంటే ఏం పోయింది? 14 పేజీల్లో చోటు లేదా? మొదటి పేజీ నిండా కంపెనీ లోగోనే ఉంది.

శుక్రవారం పొద్దున నేను బ్యాంకు పని మీద బయట ఉన్నాను. పన్నెండింటికి వచ్చేసరికి ముత్తుకూరు వైపు రైతు ఒకాయన సెల్లుకు ఫోన్ చేశాడు. మేత బస్తాల సంగతనుకున్నాను.

'అన్నా, మీ నాయన గేదెను విడిపించుకున్యారా లేదా?' అన్నాడు.

మా నాయన ఇరిగేషన్‌లో క్లర్కు. గేదె ఎక్కడిదని అడిగాను. 'ఇప్పుడే కదా మీ ఆఫీసు ఫోన్లో విన్యాను. మెడలో ఏందో అమ్మాలని చెప్తా, చెప్తా, ఆగిపోయింది. మా ఇంటోళ్లు కూడా విన్యారు, స్పీకరేసి. పాపం, మా ఆవిడ అన్నం కూడా తినలా.'

పీడీఎఫ్ 11వ పేజీ అప్పుడు చదివాను. వేరే గ్రీటింగు రికార్డు చేయకపోతే, యూజరు చెప్పిన పేరు వినిపించి, దాని వెనక తన మాట తగిలిస్తుందట ఆ యంత్రం. పేరుకు గరిష్ఠంగా 3 నిమిషాలు. మూడు నిమిషాల పేరు ఎవరికుంటుంది? మొగల్ చక్రవర్తులకు కూడా ఉండదు. నాకుంది. పేరు, వయసు, నీలం గళ్ల చొక్కా, లండన్ పౌండు, సౌండు, మునసబు గారి వరి చేను, మేనేజర్ గారి చేపల పులుసు, గదంతా నవ్వులు, 'మా అమ్మ మెడలో'. దాని వెనక ఆవిడ అమెరికా ఇంగ్లీషులో ప్రశాంతంగా: 'అందుబాటులో లేరు.'

సాయంత్రం లోపల ఆరుగురు రైతులు, ఒక ఐస్ ఫ్యాక్టరీ ఆయన గేదె సంగతి అడిగారు. ఇద్దరు కేవలం వినడానికే మళ్లీ చేశారని మేడమ్ చెప్పారు. పెద్దాయన్ని అడుగుదామంటే ఆయన మనవడి పుట్టువెంట్రుకలకని తిరుపతి వెళ్లాడు. సోమవారానికి గాని రాడు.

ఐటీ అబ్బాయికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. వాయిస్ మెయిలుకు పోయింది. నమ్మండి, ఆ అబ్బాయి తన గ్రీటింగు రికార్డు చేసుకోలేదు. పేరు కూడా చెప్పుకోలేదు. వట్టి ఎక్స్‌టెన్షను నంబరు చదివింది ఆవిడ. సింపుల్.

నాలుగింటికి మేనేజర్ గారు పిలిచారు. బల్ల మీద ఫోన్ స్పీకర్లో ఉంది.

'గేదె సంగతి తర్వాత. పదకొండింటి సంగతి చెప్పు' అన్నారు.

అది వదిలేయండి. బయటికొచ్చి, ముందు ఆ పేరు చెరిపేద్దామని నా సీట్లో కూర్చున్నాను. ఆవిడ పిన్ను అడిగింది. గురువారం ఆ గొడవలో ఏం కొట్టానో గుర్తు లేదు. మూడుసార్లు తప్పితే పెట్టె మూసేస్తుందట, 9వ పేజీలో ఉంది. రెండుసార్లు అయిపోయాయి. మూడోది కొట్టబోతుండగా ఫోన్ మోగింది. ముత్తుకూరు నంబరు. ఎత్తితే గేదె ఏమైందని అడుగుతాడు. ఎత్తకపోతే మళ్లీ మొదట్నుంచి వింటాడు.