ఆరుగురికి ఒక అన్నో, అక్కో

పీజీ కౌన్సెలింగ్‌లో సీటొచ్చిన పిల్లలు రిపోర్టింగ్‌కు వచ్చే రోజుల్లో మన విశ్వవిద్యాలయాల్లో ఏటా ఒక దృశ్యం కనబడుతుంది. అది తార్నాకలో కావచ్చు, వరంగల్‌లో కావచ్చు, తిరుపతిలో కావచ్చు. ఆఫీసు భవనానికి కాస్త ఎడంగా, ఏ వేపచెట్టు కిందో రెండు బల్లలు కలిపి వేసి ఉంటాయి. వెనక ఒక బ్యానరు. బల్ల మీద స్టాప్లర్, గమ్ము సీసా, ఎవరో మరిచిపోయిన పాస్‌పోర్టు ఫొటో, చల్లారిన టీ. ఎదురుగా ఒక తండ్రీ కూతురూ. తండ్రి చేతిలో ప్లాస్టిక్ కవరు. పదో తరగతి మెమో నుంచి కుల ధ్రువపత్రం దాకా ఆ పిల్ల చదువంతా అందులోనే ఉంది. బల్ల వెనకున్న కుర్రాడు ఒక్కో కాగితం తిరగేస్తూ, "టీసీ జిరాక్సులు తీయించారా బాబాయ్? ఒరిజినల్ లోపలికి పోతే మళ్లీ చేతికి రాదు, మూడు సెట్లు తీయించి పెట్టుకోండి. మెమోలు మాత్రం చూపించి వెనక్కి తీసుకోండి. ఈ ఆదాయం సర్టిఫికెట్ పాతదిలా ఉంది, స్కాలర్‌షిప్‌కి కుదరదేమో, మీసేవకి పోయి కొత్తది పెట్టండి" అంటాడు. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, "హాస్టల్ అప్లికేషన్ ఇవాళే ఇచ్చెయ్ చెల్లె, రేపంటే లిస్టు అయిపోతది" అంటాడు.

ఆ కుర్రాడు విశ్వవిద్యాలయ ఉద్యోగి కాడు. ఏదో ఒక విద్యార్థి సంఘం కార్యకర్త. అతనికి జీతం లేదు, ఐడీ కార్డు తప్ప అధికారమూ లేదు. అయినా ఆ కుటుంబానికి ఆ రోజు విశ్వవిద్యాలయం అంటే అతనే.

అతను చెప్పిన మాటల్లో ఒక్కటి తప్పినా ఎంత నష్టమో ఆ తండ్రికి తెలియదు. కౌన్సెలింగ్ విడతలన్నీ అయ్యాక మిగిలిన సీట్లకు అక్కడికక్కడే ఇచ్చే స్పాట్ అడ్మిషన్‌లో చేరితే సాధారణంగా ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. సీటు దొరికిందన్న సంబరంలో ఈ సంగతి ఎవరూ చెప్పరు. హాజరు 75 శాతం లేకపోతే స్కాలర్‌షిప్ ఆగుతుందని చాలామందికి ఆగిన తర్వాతే తెలుస్తుంది. విద్యాసంస్థలు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టేపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే స్పష్టంగా చెప్పింది. కౌంటర్ దగ్గర నిలబడ్డ పల్లెటూరి పిల్లకు ఆ సంగతి తెలిసే వీలేదీ? ఇంట్లో ముందు తరం ఎవరైనా యూనివర్సిటీ గడప తొక్కి ఉంటే ఈ కిటుకులన్నీ భోజనాల దగ్గరే తెలిసిపోతాయి. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు వచ్చే పిల్లల్లో ఆ అదృష్టం లేనివాళ్లు ఎందరో. వాళ్లకు తెలియనివన్నీ చెప్పే బాధ్యతను మనం ఒక స్వచ్ఛంద బల్లకు వదిలేశాం. వాళ్లు వేస్తే ఉన్నట్టు, వేయకపోతే లేనట్టు.

విశ్వవిద్యాలయం తరఫున స్వాగతం ఉండదా అంటే, ఉంటుంది. యూజీసీ 2019లో 'దీక్షారంభ్' పేరుతో కొత్త విద్యార్థుల పరిచయ కార్యక్రమానికి మార్గదర్శకాలు ఇచ్చింది. కొత్తవాళ్లు ఒకరికొకరు అలవాటు పడాలి, సంస్థ పద్ధతులు తెలుసుకోవాలి, అధ్యాపకులతో చనువు ఏర్పడాలి, ఇదీ దాని ఉద్దేశం. మన దగ్గర అది చాలాచోట్ల ఒక పూట సభగా కుదించుకుపోయింది. వేదిక మీద పది కుర్చీలు, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, సంస్థ ఘన చరిత్ర. ఆఖరి వక్త లేచేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. పిల్లలు మెస్ గంట కోసం చూస్తుంటారు. మెస్ కార్డు ఎక్కడిస్తారో మాత్రం ఆ సభలో ఎవరూ చెప్పరు.

2009లో యూజీసీ తెచ్చిన ర్యాగింగ్ నిరోధక నిబంధనలను శిక్షల జాబితాగానే చూడటం మనకు అలవాటైపోయింది. తీరిగ్గా చదివితే అందులో సగం స్వాగతం గురించే. చేరిన ప్రతి కొత్త విద్యార్థికీ, ఏ కష్టం వస్తే ఎవరి దగ్గరకు వెళ్లాలో ఫోన్ నంబర్లతో సహా అచ్చేసిన కరపత్రం ఇవ్వాలి. కొత్తవాళ్లను చిన్న చిన్న బృందాలుగా చేసి ఒక్కో బృందాన్ని ఒక్కో అధ్యాపకుడికి అప్పగించాలి. ఫ్రెషర్స్ పార్టీని సీనియర్లు, అధ్యాపకులు కలిసి, వీలైతే తరగతులు మొదలైన రెండు వారాల్లోపే జరపాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ముందుకొచ్చిన సీనియర్లతో ఒక మెంటరింగ్ సెల్ పెట్టి, ఆరుగురు కొత్తవాళ్లకు ఒక సీనియర్ చొప్పున అప్పగించాలి. ఆ సీనియర్లు ఆరుగురి మీద మళ్లీ పై ఏడాది వాళ్లు ఒకరు. అంటే ఆరుగురికి ఒక అన్నో, అక్కో. ఇంత ముచ్చటైన ఏర్పాటు గెజిట్‌లో పడి ఉంది. దీన్ని అక్షరాలా నడిపిస్తున్నామని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగల రాష్ట్ర విశ్వవిద్యాలయం ఉంటే ముందుకు రావాలి, మొదటి పేజీలో రాస్తాం.

జరుగుతున్నది వేరు. విద్యార్థి ఒక అఫిడవిట్, తల్లిదండ్రులు ఒక అఫిడవిట్ ఇస్తారు. గోడ మీద 1800-180-5522 అని హెల్ప్‌లైన్ నంబర్ రాస్తారు. అంతటితో చేతులు దులుపుకుంటారు. ఫ్రెషర్స్ పార్టీ సెమిస్టర్ సగం గడిచాక, ఒక్కోసారి ఇంటర్నల్ పరీక్షలు అయ్యాక జరుగుతుంది. నాలుగు నెలలు క్యాంపస్‌లో తిరిగిన పిల్లల మెడలో దండ వేసి 'సుస్వాగతం' అంటారు. నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఆ నిబంధనలు ఊరికే పుట్టలేదు. 2009 మార్చిలో హిమాచల్‌ప్రదేశ్‌లోని కాంగ్రా జిల్లా వైద్య కళాశాలలో సీనియర్ల దెబ్బలకు ఎంబీబీఎస్ మొదటి ఏడాది విద్యార్థి చనిపోయాడు. దేశం ఉలిక్కిపడింది, సుప్రీంకోర్టు గట్టిగా కదిలించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతకు పన్నెండేళ్ల ముందే, 1997లో, ర్యాగింగ్ నిషేధ చట్టం చేసుకుంది. చట్టం ఉంటే సరిపోదని 2015 జూలైలో నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ విద్యార్థిని ఆత్మహత్య, ఆ తర్వాత వచ్చిన ఆరోపణలు, విచారణ కమిటీ మనకు గుర్తు చేశాయి. కొత్తగా వచ్చిన పిల్లకు దారి చెప్పేదీ సీనియరే, భయపెట్టగలిగేదీ సీనియరే. గది చూపించి, మెస్‌లో పక్కన కూర్చోబెట్టుకున్నవాడే రాత్రి పదకొండింటికి తలుపు తట్టి 'ఇంట్రో ఇవ్వు' అనగలడు. చీకట్లో జరిగే 'పరిచయం' ఆగాలంటే పగటిపూట నలుగురి మధ్య పరిచయం జరగాలి. ఎవరి ఆరుగురు ఎవరో రిజిస్టర్‌లో పేరు రాసి ఉండాలి. జవాబు చెప్పాల్సిన మనిషి ఒకడున్నాడంటే సగం పోకిరితనం అక్కడే అణుగుతుంది.

ఇక ఆ జవాబుదారీ మనుషులు ఎవరు? విద్యార్థి నాయకులే కావాలి. కానీ మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ఎన్నికైన విద్యార్థి నాయకుడు అనే జీవి కనుమరుగై మూడు దశాబ్దాలు దాటింది. క్యాంపస్ హింస పేరుతో 1980ల చివర్లో ఎన్నికలు ఆపేశారు. హింస నిజమే, కాదనం. ఉస్మానియాలో 1972లో జార్జిరెడ్డి హత్యను ఆ తరం మరిచిపోలేదు. అయితే ఎన్నికలు ఆగాయి గానీ సంఘాలు ఆగలేదు, నాయకులు ఆగలేదు. ఓటుతో గెలవాల్సిన పని లేదు కాబట్టి ఫ్లెక్సీతోనే నాయకులయ్యారు. విద్యార్థి సంఘాల ఎన్నికలపై వేసిన లింగ్డో కమిటీ సిఫారసులను సుప్రీంకోర్టు 2006లో అమలు చేయమంది. విద్యా సంవత్సరం మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఎన్నికలు జరపాలి, అభ్యర్థి ఖర్చు 5 వేల రూపాయలు దాటకూడదు, అచ్చు పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవే అంటించాలి, పరిశోధక విద్యార్థి అయినా 28 ఏళ్లు మించకూడదు. వాతావరణం బాగా లేనిచోట నామినేషన్ పద్ధతి పెట్టుకోవచ్చని, అది తాత్కాలికమేనని, ఐదేళ్లలో ఎన్నికలకు మారాలని కూడా ఆ కమిటీయే చెప్పింది. మన దగ్గర ఆ ఐదేళ్లు ఇంకా గడుస్తూనే ఉన్నాయి.

మాజీ ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు 1973-74లో ఆంధ్ర విశ్వవిద్యాలయ కళాశాలల విద్యార్థి సంఘం అధ్యక్షుడు. ముఖ్యమంత్రులైన చంద్రబాబు నాయుడు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ విద్యార్థి రాజకీయాల్లో, రేవంత్ రెడ్డి విద్యార్థి దశలో ఏబీవీపీలో తొలి అడుగులు వేసినవారే. అన్ని పార్టీల్లోనూ ఇలాంటివారు కోకొల్లలు. ఇంతమంది ఉండి కూడా క్యాంపస్ ఎన్నికల ఊసెత్తరంటే ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు కాదా?

ఎన్నికకూ స్వాగతానికీ ఏం సంబంధమని అడగవచ్చు. గచ్చిబౌలి వెళ్లి చూడండి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘం ఎన్నికలు జరుగుతాయి. అడ్మిషన్ల రోజుల్లో అక్కడ సంఘాలు పోటీలు పడి సహాయ కేంద్రాలు పెడతాయి. కారణం పుణ్యం ఒక్కటే కాదు. ఇవాళ సూట్‌కేసు మోసిపెట్టిన జూనియర్ కొద్ది వారాల్లో ఓటరు. అందులో స్వార్థం లేదా? ఉంది. అయినా కొత్త విద్యార్థికి మేలు చేసే స్వార్థం అది. మరీ నిష్ఠగా చూస్తే మునిసిపాలిటీ కుళాయి కూడా అలాగే వస్తుంది. అక్కడా గొడవలు లేకపోలేదు, వాదాలు శ్రుతి మించిన సందర్భాలూ ఉన్నాయి. కానీ హాస్టల్ గది రాని పిల్లకు ఫలానా వారిని నిలదీయవచ్చన్న సంగతి తెలుసు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చేరిన పిల్లకు ఆ ఫలానా వారే లేరు.

సంఘాలకూ నాలుగు మాటలు చెప్పక తప్పదు. సహాయ కేంద్రం పేరుతో ముందు సభ్యత్వ రసీదు, తర్వాత సర్టిఫికెట్ పరిశీలన అంటే అది సహాయం కాదు, గాలం. వచ్చిన ప్రతి అమ్మాయి ఫోన్ నంబర్ రిజిస్టర్‌లో రాయించుకునే అలవాటు వెంటనే మానాలి. మీ నంబర్ ఆమెకు ఇవ్వండి, అవసరమైతే ఆమే చేస్తుంది. మీది ఏ జిల్లా, ఏ కులం అని ఆరా తీసి 'మన వాళ్లు' ఉండే గదికి పంపించే స్వాగతం పైకి చల్లగా కనబడుతుంది. మొదటి రోజే పిల్లవాడి చుట్టూ గోడ కట్టేది అదే. హాస్టల్ గది చాలక ఒకరి గదిలో నలుగురు సర్దుకునే చోట, పేరు లేని 'గెస్టు'గా ఎవరి దయ మీదో బతికే మొదటి ఏడాది కుర్రాడు ఆ దయ చూపించినవాళ్ల జెండా మోయక తప్పదు. హాస్టళ్ల కొరత ప్రభుత్వం తప్పు. దాన్ని నాయకత్వానికి పెట్టుబడిగా మార్చుకోవడం నాయకుల తప్పు.

అమ్మాయిల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చెట్టు కింద బల్లల వెనక కూర్చునేది ఎక్కువగా మగపిల్లలే. గేటు ఎన్నింటికి మూస్తారు, ఒంట్లో బాగా లేకపోతే రాత్రి ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు, శానిటరీ ప్యాడ్లు ఎక్కడ దొరుకుతాయి, అంతర్గత ఫిర్యాదుల కమిటీకి ఎలా రాయాలి, ఇవన్నీ అన్నను అడిగేవి కావు. బల్ల దగ్గర ఒక అక్క ఉంటే తండ్రి భుజం మీది బరువు సగం దిగుతుంది. ఆయన మొహంలోనే తెలిసిపోతుంది.

మన పిల్లలకు ఇది చేతకాక కాదు. అమెరికాలో చదువుకు వెళ్లే తెలుగు పిల్లలను అక్కడి అనేక విశ్వవిద్యాలయాల్లో భారతీయ విద్యార్థి సంఘాల సీనియర్లే ఎయిర్‌పోర్టుకు వచ్చి తీసుకెళ్తారు. గది దొరికేదాకా నాలుగు రోజులు తమ దగ్గర ఉంచుకుంటారు, సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా దగ్గరుండి చూస్తారు. డల్లాస్‌లో దిగినవాడికి అన్న దొరుకుతాడు. కాజీపేటలో దిగినవాడు ఆటో ఎక్కి 'కాకతీయ యూనివర్సిటీ ఏ గేటు' అని డ్రైవర్‌నే అడగాలి.

వైస్ ఛాన్సలర్లు తలుచుకుంటే ఇందులో చాలాభాగానికి పైసా ఖర్చు లేదు. అడ్మిషన్ల రోజుల్లో సహాయ కేంద్రాన్ని విశ్వవిద్యాలయమే తెరవాలి. అన్ని సంఘాల నుంచీ, ఏ సంఘంలోనూ లేని సీనియర్ల నుంచీ మనుషుల్ని తీసుకుని, బ్యానర్ మీద విశ్వవిద్యాలయం పేరు ఒక్కటే రాయాలి. మెంటర్ల జాబితాను విభాగం నోటీసు బోర్డులో పెట్టాలి. ఆ పని చేసిన సీనియర్‌కు ఒక క్రెడిటో, కనీసం ఒక సర్టిఫికెట్టో ఇస్తే పోయేదేమీ లేదు. ఎన్నికల నిర్ణయం మాత్రం ప్రభుత్వాలది. లింగ్డో చెప్పిన గడువు ప్రకారం వచ్చే విద్యా సంవత్సరం మొదలైన ఎనిమిది వారాల్లోపు జరపగలరో లేదో రెండు ప్రభుత్వాలూ ఇప్పుడే చెప్పాలి.

ఈలోగా కౌన్సెలింగ్ మొదటి విడత అయిపోతుంది. రెండో విడతకు బల్ల దగ్గర ఇద్దరే ఉంటారు, వాళ్లకూ తరగతులు మొదలై ఉంటాయి. మూడో విడతలో సీటొచ్చిన పిల్ల వచ్చేసరికి బ్యానర్ ఉండదు, చెట్టు కింద ఎవరివో నాలుగు బైకులుంటాయి. ఆ పిల్ల ప్లాస్టిక్ కవరు గుండెకు అదుముకుని గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడుగుతుంది, "అన్నా, అడ్మిషన్ సెక్షన్ ఎటు?"