వరద అంచనాకు ఒక్క అంకె చాలదు

గోదావరి పోటెత్తితే భద్రాచలంలో అందరి నోటా నలిగేది అడుగుల లెక్కే. 43కి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో ఆ లెక్క 71.3 దాకా వెళ్లింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అంత వరద అక్కడ మళ్లీ అదే. ఇవి మనకు కంఠోపాఠమే. అయినా వరద వచ్చిన ప్రతిసారీ ‘ఇంత వస్తుందని అనుకోలేదు’ అనే మాట వింటూనే ఉన్నాం. జనం హెచ్చరికను పెడచెవిన పెట్టారని అధికారులు అంటారు. నా దృష్టిలో లోపం వినేవాళ్లలో కంటే చెప్పే తీరులో ఎక్కువగా ఉంది. అది ఎంత నష్టం చేస్తుందో చూడాలంటే 1997 ఏప్రిల్‌లో అమెరికాలోని గ్రాండ్ ఫోర్క్స్ నగరానికి ఏం జరిగిందో తెలుసుకోవాలి.

నార్త్ డకోటా, మిన్నెసోటా రాష్ట్రాలకు సరిహద్దుగా ఉన్న రెడ్ రివర్ ఉత్తరానికి పారుతుంది. దానికి వసంతమే గండకాలం. దక్షిణాన మంచు కరిగి నీరు బయల్దేరే వేళకు ఉత్తరాన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. పైనుంచి వచ్చిన నీటికి దారి దొరకదు. ఆ లోయ అంతా ఎప్పుడో ఇంకిపోయిన ఒక మహా సరస్సు అడుగు, బల్లపరుపు నేల. నీరు గట్టు దాటితే మైళ్ల కొద్దీ పరుచుకుంటుంది. ఆ చలికాలంలో ఎనిమిది మంచు తుపానులు వచ్చాయి. చివరిది ఏప్రిల్ మొదటి వారంలో విరుచుకుపడి కరెంటు లైన్లను కూల్చేసింది.

ప్రమాదం ఉందని అక్కడి జాతీయ వాతావరణ సంస్థ ఫిబ్రవరిలోనే చెప్పింది. అంటే రెండు నెలల ముందు. అంత వ్యవధి మన నదులకు ఎన్నడూ దొరకదు. చెప్పిన అంకె 49 అడుగులు. నగరం దానికి మూడు అడుగులు కలుపుకుని 52 దాకా గట్లు లేపింది. విద్యార్థులు, ఉద్యోగులు, ముసలివాళ్లు ఇసుక బస్తాలు మోశారు. 1979లో నది 48.8 అడుగులు వచ్చినప్పుడు ఊరు నిలబడింది కాబట్టి, దానికంటే పిసరంత ఎక్కువే కదా అని చాలామంది ధైర్యపడ్డారు. వరద బీమా కట్టినవాళ్లు తక్కువే. ఏప్రిల్ మధ్యకు వచ్చేసరికి అంచనా రోజుకింత పెరిగింది. 18న గట్లకు గండ్లు పడ్డాయి. 19న నీళ్లలో మునిగి ఉన్న నగర నడిబొడ్డునే మంటలు లేచి 11 భవనాలు కాలిపోయాయి. చివరికి నది 54.35 అడుగుల దగ్గర ఆగింది. నగరం దాదాపు మొత్తం ఖాళీ అయింది.

ఐదడుగుల తేడా. అది శాస్త్రం ఓడిపోవడం వల్ల వచ్చిన తేడా అని నేను అనను. ఆ నది మీద అంతకుముందు వేసిన అంచనాలు సగటున పది శాతం దాకా తప్పేవని తర్వాత పరిశీలించినవాళ్లు తేల్చారు. 49లో పది శాతం అంటే ఐదడుగులే. అంచనా వేసేవాళ్లకు తెలిసిన ఈ హెచ్చుతగ్గుల సంగతి గట్టు మీద బస్తాలు మోసేవాళ్ల దాకా రాలేదు. ‘44 నుంచి 54 మధ్య ఎక్కడైనా ఆగొచ్చు’ అని ఫిబ్రవరిలోనే చెప్పి ఉంటే బీమా కట్టాలా, సామాను పై అంతస్తుకు చేర్చాలా అని ప్రతి కుటుంబం తనంతట తానే తేల్చుకునేది. ఆ అవకాశాన్ని వాళ్ల చేతుల్లోంచి తీసేసింది ఒంటరిగా వదిలిన ఆ 49 అంకె. ఆ తర్వాత అక్కడి సంస్థ ఫలానా మట్టం దాటడానికి ఎంత శాతం అవకాశం ఉందో చెప్పడం మొదలుపెట్టింది. నగరం ఒడ్డున ఉన్న వందల ఇళ్లను తొలగించి, సుమారు 2,200 ఎకరాలను నదికి వదిలేసి, గట్లను వెనక్కి జరిపి కట్టుకుంది.

ఇప్పుడు 2024 సెప్టెంబరు 1 నాటి విజయవాడను గుర్తుచేసుకోండి. టీవీల నిండా ప్రకాశం బ్యారేజీ, లక్షల క్యూసెక్కులు. మర్నాటికి 11.43 లక్షలతో 2009 నాటి రికార్డు కూడా దాటింది. కానీ సింగ్‌నగర్‌ను, పాయకాపురాన్ని, రాజరాజేశ్వరిపేటను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. దాని నీటిని మళ్లించే డైవర్షన్ కాలువకు గండ్లు పడి వచ్చిన నీరు. చూపంతా ఒక నది మీద ఉంటే దెబ్బ ఇంకో వైపు నుంచి తగిలింది. పోనీ బుడమేరు క్యూసెక్కులే చెప్పారనుకుందాం, గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుంటున్న మనిషికి ఆ లెక్కతో ఏం తెలుస్తుంది? తన వీధిలో మోకాలి లోతా, మెడ లోతా, ఎన్ని గంటల్లో వస్తుంది, స్కూటర్ ఎక్కడ పెట్టుకోవాలి, మంచం పట్టిన తల్లిని ఎప్పుడు తరలించాలి అనేవే అతనికి కావాలి.

హెచ్చుతగ్గులు కలిపి చెబితే జనం కంగారు పడతారని, రెండుసార్లు వరద రాకపోతే మూడోసారి కదలరని అధికారుల వాదన. దానికి జవాబు మన తీరంలోనే ఉంది. తుపాను ఎక్కడ తీరం దాటుతుందో చాలాసార్లు ఒక్క ఊరి పేరుగా చెప్పరు. ఫలానా చోటు నుంచి ఫలానా చోటు మధ్య అంటారు. 1977లో దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టనపెట్టుకున్నాక మన కోస్తా జనం ఆ భాషను అర్థం చేసుకున్నారు. 2014లో హుద్‌హుద్ విశాఖను ఊపేసినప్పుడు ముందే లక్షలమందిని తరలించగలిగారు. సముద్రం విషయంలో అనిశ్చితిని తట్టుకున్న జనం నది విషయంలో తట్టుకోలేరా?

ఇది వరదతో ఆగే సంగతి కాదు. మన ప్రభుత్వాలు తమకు తెలిసింది చాటుకుంటాయి, తెలియనిదాన్ని ఫైలులో పెట్టుకుంటాయి. పోలవరం స్పిల్‌వే సామర్థ్యాన్ని 36 లక్షల నుంచి 50 లక్షల క్యూసెక్కులకు పెంచారు. ఆ ప్రాజెక్టు వెనుక జలాలు భద్రాచలం వైపు ఎంత దూరం, ఎంత ఎత్తున నిలుస్తాయన్న దాని మీద ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏళ్లుగా వాదించుకుంటున్నాయి. వాదన ఇంజినీర్ల మధ్య, కోర్టుల్లో నడుస్తోంది. బూర్గంపాడులో ఇల్లు కట్టుకోబోయే మనిషికి మాత్రం తన స్థలం ఏ వరదకు మునుగుతుందో, ఆ లెక్కలో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే కాగితం లేదు. ఎవరి ప్రాణం, ఎవరి ఆస్తి పణంగా ఉందో వాళ్లకే ఆ సమాచారం అందకపోవడం ప్రజాస్వామ్యంలో చిన్న లోపం కాదు.

వచ్చే జూన్‌లోగా చేయగలిగిన పని ఒకటుంది. భద్రాచలం, బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల మండలాల్లో ముంపు పడే ప్రతి వీధిలో కరెంటు స్తంభం మీద 1986, 2022 మట్టాలు రంగుతో గీయించాలి. సింగ్‌నగర్‌లో 2024 మట్టం గీయించాలి. హెచ్చరిక సందేశంలో కనిష్ఠ, గరిష్ఠ అంచనాలు రెండూ ఇచ్చి, గరిష్ఠానికి నీరు మీ వీధిలో ఏ గీత దాకా వస్తుందో రాయాలి. దీనికి కొత్త ప్రాజెక్టు అక్కర్లేదు. మట్టాల రికార్డులు నీటిపారుదల శాఖ దగ్గర, వీధుల పటాలు పంచాయతీల, మున్సిపాలిటీల దగ్గర ఉన్నాయి. ఆ రెండింటినీ ఒక బల్ల మీద పెట్టించాల్సింది కలెక్టర్లు.