డి లా రేని ఒకసారి గుర్రం దించి చూడండి

దక్షిణాఫ్రికాలో డచ్చి మూలాలున్న తెల్లజాతి రైతులు బోయర్లు. 1899 నుంచి 1902 దాకా వాళ్లు బ్రిటన్‌తో చేసిన యుద్ధంలో జనరల్ కూస్ డి లా రే పేరెత్తితే చాలు, అందరూ రెండే బొమ్మలు చూపిస్తారు. ఒకటి, గుర్రం మీద దూసుకొచ్చే గెడ్డం పెద్దాయన. రెండోది, చేజిక్కిన శత్రు సేనానిని వైద్యం కోసం తిరిగి పంపేసిన ధర్మాత్ముడు. రెండూ నిజమే. కానీ సైనికుడిగా ఆయన ఎందుకు గొప్పవాడో ఈ రెండిట్లోనూ కనపడదు. తూటా ఏ ఎత్తున పోతుంది, అవతలివాడికి ఎన్నిసార్లు కాల్చే వ్యవధి దొరుకుతుంది అన్న లెక్క ఆ యుద్ధంలో ఆయనకు పట్టుబడినంతగా ఇంకెవరికీ పట్టుబడలేదని నా అభిప్రాయం. 1899లో మనుషుల్ని గోతుల్లోకి దింపడానికీ, 1902లో అదే మనుషుల్ని గుర్రాలెక్కించి ఎదురుకాల్పుల్లోకి తోలడానికీ ఆయన వాడింది ఈ ఒక్క లెక్కే. వీరగాథలు చెప్పేవాళ్లు దాన్ని వదిలేసి గెడ్డం దగ్గర ఆగిపోతారు. నా చిరాకంతా అక్కడే.

ముందు ఇంకో అపోహ సంగతి చూద్దాం. "చేతికి దొరికిన తుపాకులతో సామ్రాజ్యాన్ని ఎదిరించిన పేద రైతులు" అన్న మాట వినడానికి బాగుంటుంది. 1886లో విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారం పడ్డాక బోయర్ల రాజ్యం ట్రాన్స్‌వాల్ పేద దేశం కాదు. 1895 చివర్లో బ్రిటిష్ పక్షపు సాయుధులు చొరబడిన జేమ్సన్ దాడి జరిగాక జర్మనీ నుంచి దాదాపు 37 వేల మౌజర్ రైఫిళ్లు కొన్నారు. ఫ్రాన్స్ నుంచి నాలుగు 155 మిల్లీమీటర్ల క్రూజో ఫిరంగులు తెచ్చారు. బ్రిటిష్ సైనికులు 'లాంగ్ టామ్' అని పిలిచినవి అవే. మౌజర్ 7 మిల్లీమీటర్ల తుపాకీ. ఐదు తూటాల క్లిప్పు ఒక్క నొక్కుతో లోపలికి దిగుతుంది. పొగ రాని మందు కాబట్టి కాల్చినవాడు ఎక్కడున్నాడో తెలీదు. పైగా తూటా వేగం ఎక్కువ కాబట్టి దాని దారి నేలకు దాదాపు సమాంతరంగా సాగుతుంది. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి, డి లా రే కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఆయన 1847 అక్టోబర్ 22న, తర్వాత బోయర్ల రెండో రాజ్యం ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అయిన ప్రాంతంలో, విన్‌బర్గ్ దగ్గర పుట్టాడు. పొలం పశ్చిమ ట్రాన్స్‌వాల్‌లో, లిక్టెన్‌బర్గ్ వైపు. 1893 నుంచి వోక్స్‌రాడ్ అనే చట్టసభలో సభ్యుడు. 1899లో యుద్ధం వద్దన్న పక్షంలో ఉన్నాడు. సభలో ట్రాన్స్‌వాల్ ప్రెసిడెంట్ క్రూగర్ ఈయన్ని పిరికివాడన్నాడనీ, "నోటితో యుద్ధం చేసేవాళ్లు పారిపోయాక కూడా నేను పోరాడుతూనే ఉంటా"నని ఈయన తిప్పికొట్టాడనీ చెబుతారు. ఆ మాటే జరిగింది. 1900లో క్రూగర్ దేశం దాటిపోయాడు, ఈయన 1902 మే దాకా మైదానంలోనే ఉన్నాడు. అంతకుముందు 1899 అక్టోబర్ 12న క్రాయ్‌పాన్ దగ్గర పట్టాలు పీకించి బ్రిటిష్ కవచ రైలును పట్టుకున్నది కూడా ఈయన మనుషులే. యుద్ధం మొదలైంది దానితోనే.

ఇక అసలు సంగతి. నవంబర్ 23న బెల్మాంట్‌లో, 25న గ్రాస్‌పాన్‌లో బోయర్లు పాత అలవాటు ప్రకారం గుట్టల మీద కూర్చున్నారు. గుట్ట మీద ఉంటే సురక్షితం అనిపిస్తుంది. నిజానికి అక్కడ మూడు నష్టాలున్నాయి. ఆకాశం నేపథ్యంలో గుట్ట శిఖరం స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి ఫిరంగివాడికి గురి సులువు. పైనుంచి కిందికి కాల్చిన తూటా ఏటవాలుగా దిగుతుంది కాబట్టి గురి తప్పితే నేలలో దిగబడిపోతుంది, ఇంకెవరికీ తగలదు. అన్నిటికంటే ముఖ్యం, గుట్ట పాదం దగ్గర పైవాడికి కనపడని చోటు ఒకటి ఉంటుంది. దాడి చేసేవాళ్లు అక్కడిదాకా పరిగెత్తుకొస్తే చాలు, ఊపిరి పీల్చుకుని బాయ్‌నెట్లతో ఎక్కొచ్చు. బ్రిటిష్ వాళ్లు రెండుసార్లూ అదే చేశారు.

డి లా రే దీన్ని తలకిందులు చేశాడు. నేలమట్టం నుంచి కాలిస్తే, మౌజర్ తూటా ముందున్నవాడికి తగలకపోయినా వందల గజాలు మనిషి ఎత్తులోనే పోతూ వెనకవాడికి తగులుతుంది. గురి తప్పిన తూటా కూడా వృథా పోదు. నవంబర్ 28న మోడర్ నది దగ్గర ఆయన మనుషుల్ని నది గట్టులోకి, అదీ బ్రిటిష్ వాళ్ల వైపు ఉన్న దక్షిణపు గట్టులోకి దింపాడు. ముందంతా చదునైన నేల. బ్రిటిష్ జనరల్ మెథ్యూయెన్ సైన్యం రోజంతా ఎండలో బోర్లా పడుకుని ఉండిపోయింది.

ఆ ఏర్పాటులో లోపం లేదని కాదు. వెనక నది ఉంది. ఒక పక్క జారితే తప్పుకునే దారి ఉండదు. జరిగింది అదే. పడమటి చివర ప్రిన్స్లూ కింద ఉన్న ఫ్రీ స్టేట్ వాళ్లు జారిపోయారు, బ్రిటిష్ దళం అటు నది దాటింది, ఆ రాత్రి బోయర్లు మొత్తం ఖాళీ చేయాల్సి వచ్చింది. డి లా రే పెద్దకొడుకు ఆడాన్‌కు ఫిరంగి గుండు తగిలింది. యాకబ్స్‌డాల్‌కు మోసుకెళ్లారు, బతకలేదు.

కొడుకు పోయిన కొద్ది రోజులకే ఆయన పై అధికారి క్రోన్యేతో తగువు పెట్టుకున్నాడు. క్రోన్యే మళ్లీ గుట్టల మీదే కూర్చుంటానన్నాడు. ఈయన కుదరదన్నాడు, మాగర్స్‌ఫాంటైన్ గుట్ట ముందు చదునులో తవ్వాలన్నాడు. బోయర్ సైన్యంలో ఆజ్ఞ అంటే ఆజ్ఞ కాదు. క్రిగ్స్‌రాడ్ అనే యుద్ధ సమితిలో వాదించుకోవాలి, అధికారుల్ని మనుషులే ఎన్నుకుంటారు, నచ్చనివాడు గుర్రమెక్కి ఇంటికి పోతాడు. చివరికి ఫ్రీ స్టేట్ ప్రెసిడెంట్ స్టెయిన్ స్వయంగా వచ్చి ఈయన మాటే నెగ్గించాడు.

ఆ కందకాలు ఎలా ఉన్నాయో కాస్త దగ్గరగా చూడాలి. సన్నగా, గోడలు నిట్టనిలువుగా, మనిషి లోపల నిలబడి తుపాకీ నేలమీద ఆనించి కాల్చేంత లోతు. వెడల్పు ఎందుకు తగ్గించారంటే, ష్రాప్నెల్ గుండు గాల్లో పేలి గుళ్లను ముందుకు, ఏటవాలుగా చల్లుతుంది. వెడల్పాటి గోతిలోకి అవి దూరతాయి, సన్నని గోతిలో మనిషి ముందు గోడకు ఆనుకుంటే దూరవు. తవ్విన మట్టి కుప్పగా కనపడకుండా పొదలతో, గడ్డితో కప్పేశారు. ఫలితం డిసెంబర్ 10 సాయంత్రమే తెలిసింది. బ్రిటిష్ నౌకాదళపు 4.7 అంగుళాల ఫిరంగితో సహా అన్నీ కలిసి గుట్టల మీద గంటల తరబడి కొట్టాయి. గుట్టల మీద పెద్దగా ఎవరూ లేరు. బోయర్లలో గాయపడినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైగా రేపు తెల్లారి దాడి అని ఆ కాల్పులే టముకు వేసి చెప్పినట్టయింది.

ఆ రాత్రి వానలో, చిమ్మచీకట్లో, స్కాట్లాండ్ సైనికుల హైలాండ్ బ్రిగేడ్‌లోని నాలుగు బెటాలియన్లు ఒకదాని వెనక ఒకటి, మనిషి మనిషిని తాకేంత దగ్గరగా నడిచాయి. దిక్సూచి పట్టుకుని దారి చూపింది మేజర్ బెన్సన్. విడిపోయి వరుసగా పరుచుకోవాల్సిన చోట ముళ్లపొదలు అడ్డం రావడంతో, కాస్త ముందుకెళ్లాక చేద్దామని జనరల్ వాకోప్ ఆగాడు. ఆ "కాస్త" చాలు. డిసెంబర్ 11 తెల్లవారుజామున, సుమారు 400 గజాల దూరంలో, దళం విప్పుకుంటుండగా నేలలోంచి కాల్పులు మొదలయ్యాయి. వాకోప్ అక్కడే చనిపోయాడు. మిగిలినవాళ్లు మోకాళ్ల దాకా ఉండే కిల్టుల్లో, మోకాళ్ల వెనక చర్మం ఎండకు కాలి బొబ్బలెక్కుతుంటే, మధ్యాహ్నం దాకా పడుకుని తర్వాత చెదిరిపోయారు. బ్రిటిష్ నష్టం చచ్చినవాళ్లు, గాయపడ్డవాళ్లు, పట్టుబడ్డవాళ్లు కలిపి సుమారు 950. బోయర్లది 250 అటూఇటూ. మామూలు కథనాల్లో గెలిచిన జనరల్‌గా క్రోన్యే పేరుంటుంది. గొయ్యి ఎక్కడ తవ్వాలో చెప్పినవాడి పేరు రెండో పేరాలో వస్తుంది. ఇంకోమాట, ఆ తవ్వకంలో బోయర్ల వెంట వచ్చిన ఆఫ్రికన్ పనివాళ్లు, ఆఖ్టర్‌రైయర్లు, కూడా ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ పేరాలోనూ రావు.

ఇంత గొప్ప కందకాన్ని తర్వాత ఎందుకు వదిలేశాడు? కందకం కదలదు కాబట్టి. 1900 ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రధాన సేనాని రాబర్ట్స్ దాన్ని ఢీకొనలేదు, జనరల్ ఫ్రెంచ్ నడిపిన అశ్వికదళంతో చుట్టూ తిరిగి పోయాడు. క్రోన్యే బళ్లు, ఆడవాళ్లు, పిల్లలతో సహా పార్డెబర్గ్ దగ్గర చిక్కుకుని ఫిబ్రవరి 27న సుమారు నాలుగు వేల మందితో లొంగిపోయాడు. జూన్ 5న ప్రిటోరియా కూడా పోయింది.

ఆ తర్వాత డి లా రే పశ్చిమ ట్రాన్స్‌వాల్‌కు వెళ్లాడు. రైలు మార్గాలు తక్కువ, గడ్డిమైదానం ఎక్కువ, ఉత్తరాన మాగలీస్‌బర్గ్ కొండలు. ఆయన్ని పొగిడేవాళ్లు ఇక్కడ రెండు వైఫల్యాలు దాటేస్తారు. 1900 ఆగస్టు 4 నుంచి 16 దాకా ఈలాండ్స్ నది దగ్గర సుమారు 500 మంది ఆస్ట్రేలియన్లను, రొడీషియన్లను ముట్టడించాడు. ఫిరంగులతో వాళ్ల పశువుల్ని, గుర్రాల్ని చంపేశాడు కానీ మనుషుల్ని కదల్చలేకపోయాడు. వాళ్లు రాతినేలలో తవ్వుకుని కూర్చున్నారు. మాగర్స్‌ఫాంటైన్ పాఠం ఈయనకే ఎదురుతిరిగింది. ఎదురెళ్లి పట్టుకోవాలంటే మనుషులు పోతారు, తన దగ్గర పోతే తిరిగొచ్చే మనుషుల్లేరు. అందుకే ఆగాడు. రెండోది డిసెంబర్ 13న నోయిట్‌గెడాక్ట్. కొండ అంచు కింద బ్రిటిష్ జనరల్ క్లెమెంట్స్ వేసిన శిబిరాన్ని పైనుంచి బోయర్ జనరల్ బేయర్స్, కిందనుంచి డి లా రే కొట్టారు. శిబిరం చేతికొచ్చింది. వెంటనే బోయర్లు టిన్నుల తిండి, బూట్లు, గుడ్డల మీద పడ్డారు. క్లెమెంట్స్ మిగిలిన సైన్యంతో జారుకున్నాడు. జీతం, రేషన్ లేని సైన్యానికి దోపిడీయే సరఫరా. ఆపితే ఆకలి, ఆపకపోతే శత్రువు జారిపోతాడు. దీనికి ఆయన దగ్గర కూడా మందు లేదు.

ఇక గుర్రపు దాడులు. చూసినవాళ్లకు పిచ్చి సాహసం అనిపిస్తుంది, లెక్క వేస్తే కాదు. దౌడు తీసే గుర్రం నిమిషానికి సుమారు 500 మీటర్లు పోతుంది. శిక్షణ ఉన్న సైనికుడు నిమిషానికి పది తూటాలు గురిచూసి కాల్చగలడనుకుందాం. 500 మీటర్ల నుంచి మొదలుపెడితే అతనికి దొరికేది పది తూటాలు. అదీ గురి కుదిరితే. దూరం క్షణక్షణం తగ్గుతుంటుంది, తుపాకీ మీద దూరపు పట్టీ 600కి పెట్టి ఉంటుంది, కంగారులో కొత్తవాడు దాన్ని దించడు, తూటాలన్నీ తలల మీదుగా పోతాయి. జీను మీంచి బోయర్లు కాల్చేది తగలాలని కాదు, అవతలివాడి తల వంచాలని. ఈ చదరంగంలో ఇంకో బోయర్ జనరల్ బోథా కూడా దిట్ట. 1901 అక్టోబర్ 30న బేకన్‌లాగ్టే దగ్గర ఇలాంటి దాడిలోనే, అప్పటికి కల్నల్ అయిన ఆ దిక్సూచి బెన్సన్ ప్రాణాంతకంగా గాయపడ్డాడు.

1902 మార్చి 7న ట్వీబోష్. మెథ్యూయెన్ దళం సుమారు 1,300 మంది, నాలుగు ఫిరంగులు, నిదానంగా నడిచే ఎద్దుబళ్లు, ఎక్కడెక్కడివాళ్లనో కలిపిన కొత్త రౌతులు. డి లా రే తెల్లవారుజామున వెనకభాగం మీద పడ్డాడు. రౌతులు పారిపోయారు, పదాతి సైనికులు నిలబడి చిక్కుకుపోయారు. తొడ ఎముక విరిగిన మెథ్యూయెన్ పట్టుబడ్డాడు. ఆయన్ని క్లెర్క్స్‌డార్ప్‌లోని బ్రిటిష్ ఆసుపత్రికి పంపించడం మంచి పనే, సొంత మనుషులు గొణిగినా పంపించాడు. కానీ గెరిల్లా సైన్యానికి ఖైదీల్ని పెట్టుకునే చోటే లేదు. మామూలు సైనికుల్ని కూడా బట్టలు, బూట్లు ఊడదీసుకుని వదిలేసేవాళ్లు. ఔదార్యం గురించి మాట్లాడేటప్పుడు ఇదీ చెప్పాలి.

లెక్క తప్పితే ఏమవుతుందో నెల దాటగానే, ఏప్రిల్ 11న రూయివాల్‌లో తేలింది. డి లా రే అప్పుడు క్లెర్క్స్‌డార్ప్‌లో సంధి మాటల్లో ఉన్నాడు, నడిపింది ఇంకో బోయర్ జనరల్ కెంప్. వేయిన్నర గజాలకు పైగా చదునైన నేల మీద, తన రౌతుల్ని ఒకరి పక్కన ఒకరు దగ్గరగా ఉంచి, కుదురుగా నిలబడ్డ పెద్ద సైన్యం మీదకి తోలాడు. ఇందాకటి లెక్కే మళ్లీ వేయండి, ఒక్కో సైనికుడికి ఇరవై ముప్పై తూటాల వ్యవధి. కమాండెంట్ పాట్‌గీటర్ బ్రిటిష్ వరుసకు బాగా దగ్గరదాకా వచ్చి పడిపోయాడు.

సంధి మీద బోయర్లు వాదించుకున్న వెరీనిగింగ్‌లో "చివరిదాకా పోరాడదాం" అన్నవాళ్లను ఆ చివర ఇప్పటికే రాలేదా అని అడిగినవాడు డి లా రేనే. నిర్బంధ శిబిరాల్లో దాదాపు 28 వేల మంది బోయర్లు చనిపోయారు, అందులో ఎక్కువమంది పిల్లలు. ఆఫ్రికన్లకు పెట్టిన శిబిరాల్లో అధికారిక లెక్కే 14 వేలు దాటింది. మే 31న 54కి 6 ఓట్లతో సంధి ఒప్పుకున్నారు. ఆ సంధిలోనే ఆఫ్రికన్ల ఓటు హక్కు ప్రస్తావనను స్వపరిపాలన వచ్చేదాకా వాయిదా వేశారు, ఇరుపక్షాలకూ దానిమీద పేచీ లేదు.

మనవాళ్లలో కొందరు బ్రిటిష్ వ్యతిరేకత అనగానే బోయర్లను స్వాతంత్ర్య యోధుల ఖాతాలో వేసేస్తారు. ట్రాన్స్‌వాల్ 1885 నాటి 3వ చట్టం ఆసియా వాళ్లకు పౌరసత్వం లేకుండా చేసింది, కేటాయించిన వాడల్లో తప్ప భూమి కొనకూడదంది. అటు బ్రిటిష్ వలస నటాల్‌లో, బ్రిటిష్ వాళ్ల తరఫున గాంధీ కూడగట్టిన అంబులెన్స్ దళం సుమారు 1,100 మంది, అందులో ఎక్కువమంది ఒప్పంద కూలీలు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కిన తమిళ, తెలుగు కుటుంబాలు నటాల్ కూలీల్లో పెద్ద భాగం. ఇటు పట్టుబడ్డ బోయర్లను ఉంచిన భారత శిబిరాల్లో బళ్లారి ఒకటి. విధేయతా ప్రమాణం చేయనని మొండికేసిన ఖైదీలను ఒప్పించి ఇంటికి పంపడానికి 1903లో డి లా రే స్వయంగా భారతదేశానికీ సిలోన్‌కీ వచ్చాడు.

ఆయన చావు మీద కుట్ర కథలు ఇంకా తిరుగుతున్నాయి. 1914 సెప్టెంబర్ 15 రాత్రి బేయర్స్‌తో కలిసి కారులో పోచెఫ్‌స్ట్రూమ్ వైపు పోతున్నాడు. బేయర్స్ ఆ రోజే దక్షిణాఫ్రికా సైన్యాధిపతి పదవికి రాజీనామా ఇచ్చి ఉన్నాడు. ఫోస్టర్ దొంగల ముఠా కోసం పోలీసులు దారులు కాపలా కాస్తున్నారు. ఆపమన్నా కారు ఆగలేదు. లాంగ్లాగ్టే దగ్గర టైరుకు కాల్చిన తూటా నేలకు తగిలి ఎగిరి ఈయనకు తగిలిందని విచారణలో తేల్చారు. భవిష్యత్తు చెప్పే వాన్ రెన్స్‌బర్గ్ అనే ఆయన 15 అంకె ముందే చూశాడని నమ్మేవాళ్లను నేనేమీ అనను. కానీ అప్పటికి ప్రధాని అయిన బోథా, ఆయన మంత్రి స్మట్స్ కలిసి చంపించారనేవాళ్లు ఒక్కటి చెప్పాలి. అదే రాత్రి ఇలాంటి ఇంకో కాపలా దగ్గర, రాజకీయాలతో సంబంధం లేని ఒక డాక్టరు కూడా కారు ఆపలేదని పోలీసు తూటాకే పోయాడు. ఆయన్ని ఎవరు చంపించినట్టు?